ఊళ్లో పెద్దవాళ్ల అలవాట్లు మార్చడం ఎలా? ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు ఇంటింటి మార్గదర్శి

చేవెళ్ల, వికారాబాద్, ఇబ్రహీంపట్నం వైపు ఊళ్లలో తిరిగే ఆశాలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఉప్పు తగ్గించమంటున్నం, నడవమంటున్నం, బీడీ మానమంటున్నం. అవ్వలు, తాతలు సరే బిడ్డా అంటరు. నెల తర్వాత పోతే అంతా ఎప్పటిలెక్కనే. ఎట్ల చెప్పాలె?"

చాలాసార్లు తేడా వచ్చేది వరుసలో. కొలవకముందే సలహా ఇస్తాం. ఒకేసారి పది చెప్తాం. చెప్పిన పది కూడా "తినొద్దు, తాగొద్దు, చేయొద్దు" జాబితానే. 70 ఏళ్ల సన్నటి అవ్వకు ముందు కావలసింది మానుకోవాల్సినవాటి పట్టీ కంటే పళ్లెంలో ఒక గుడ్డు, కాళ్లలో కాస్త బలం. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది: ముందు కలపాలి, తగ్గించడం తర్వాత. ఇది 60 దాటినవారి కోసం. మందులు మొదలుపెట్టడం, ఆపడం, మార్చడం డాక్టర్ పని కాబట్టి ఆ జోలికి వెళ్లలేదు.

## 1. బయల్దేరే ముందు

వెయ్యి జనాభాకు ఒక ఆశా లెక్కన చూస్తే 60 దాటినవారు సుమారు వంద మంది ఉంటారు. రోజుకు నలుగురు చొప్పున 25 రోజుల్లో అందరినీ ఒకసారి చూడొచ్చు. కానీ అందరికీ ఒకే తీరులో తిరగాల్సిన పని లేదు. జాబితాను మూడు గుంపులు చేయండి.

- మొదటి గుంపు: ఒంటరిగా ఉండేవారు, మంచంలో ఉన్నవారు, గత ఏడాదిలో కిందపడినవారు. 15 రోజులకోసారి.
- రెండో గుంపు: బీపీ, షుగర్ గోలీలు వాడేవారు. నెలకోసారి.
- మూడో గుంపు: మిగిలినవారు. మూడు నెలలకోసారి.

సంచిలో ఉండాల్సినవి:

- బీపీ మిషన్, రెండు సైజుల పట్టీలు. మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోతుంది. బక్కచిక్కిన అవ్వ చేయి 22 కంటే తక్కువుంటే చిన్న పట్టీ కావాలి. పెద్దది కడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.
- బరువు మిషన్. గట్టి బండ మీదే పెట్టాలి. చాప మీద, అలికిన నేల మీద పెడితే అంకె తప్పుతుంది.
- కొలత టేపు, 5 మిల్లీలీటర్ల చెంచా, సెకన్లు చూపే ఫోను.
- గ్లూకోమీటర్ మీ దగ్గర ఉంటే, స్ట్రిప్పుల గడువు తేదీ చూసుకుని తీసుకెళ్లండి.
- సీబ్యాక్ ఫారాలు (బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పును మార్కులేసి అంచనా కట్టేవి), రిజిస్టర్, పెద్ద అక్షరాలు రాయడానికి లావు స్కెచ్ పెన్ను.

వేళ కూడా సామానంత ముఖ్యం. ఎండాకాలం ఉపాధి హామీ పనులప్పుడు పొద్దున వెళితే తాళాలే కనిపిస్తాయి. పింఛను ఇచ్చే రోజు అందరూ ఒకచోటే ఉంటారు గానీ మనసు అక్కడ ఉండదు. ఆ రోజు బీపీ చూడొచ్చు, మాట్లాడటం కుదరదు. ఇంటికి వెళ్లేది సాయంత్రం 4 తర్వాత, కోడలో కూతురో ఇంట్లో ఉన్నప్పుడు. కూరలో ఉప్పు వేసేది అవ్వ కాదు కదా.

## 2. మొదటి సందర్శన: కొలవండి, వినండి

ఈసారి సలహా ఒక్కటి కూడా ఇవ్వకండి. కష్టమే. కానీ మొదటి రోజే పాఠం మొదలుపెడితే రెండోసారి తలుపు తీసినా మనసు తీయరు.

బీపీ చూసే పద్ధతి

1. అరగంట ముందు చాయ్, బీడీ, అంబర్ (నమిలే పొగాకు) ఏదీ తీసుకోలేదని అడిగి తెలుసుకోండి. ఒంటికి పోయాల్సి ఉంటే ముందు వెళ్లి రమ్మనండి.
2. వీపు ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టి 5 నిమిషాలు ఆగండి. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు.
3. జాకెట్ చేయి బిగుతుగా ఉంటే పైకి మడవకండి. ఆ మడతే పట్టీలా బిగుసుకుంటుంది. భుజం నుంచి కిందికి తీయించండి.
4. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి. చేయి గుండె ఎత్తులో మెత్త మీద ఆనాలి.
5. చూస్తున్నంతసేపూ మీరూ మాట్లాడొద్దు, ఆమెనూ మాట్లాడించొద్దు.
6. ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. రెండింటి సగటు రాయండి.
7. లేచి నిలబడ్డాక 3 నిమిషాల్లోపు ఇంకోసారి చూడండి. పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే ఎర్ర పెన్నుతో రాయండి.

చివరిది చాలామంది వదిలేస్తారు. "లేవంగనే కండ్లు తిరుగుతయి" అనే తాత బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకునేది ఇందుకే. నిలబడితే బీపీ పడిపోతోందని డాక్టర్‌కు తెలిస్తే గోలీ వేళనో మోతాదునో మార్చే అవకాశం ఉంటుంది.

మిగతా కొలతలు

- బరువు: అంకె రాసి, "మూడు నెలల్లో చీర, జాకెట్ వదులైనయా?" అని అడగండి. కావాలని తగ్గకుండానే మూడు నెలల్లో 3 కిలోలు తగ్గితే డాక్టర్ చూడాల్సిందే.
- కాళ్ల బలం: చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 14 సెకన్లలో పూర్తి కాకపోతే కాళ్లు బలహీనపడ్డట్టు. మీరు పక్కనే నిలబడండి, కుర్చీ గోడకు ఆనించి ఉండాలి.
- జ్ఞాపకం: పువ్వు, తలుపు, బియ్యం. ఈ మూడు మాటలు చెప్పి వేరే సంగతులు మాట్లాడి, కాసేపటికి అడగండి. మూడింట్లో ఒక్కటి గుర్తురాకపోయినా రాసుకోండి. "మతిమరుపు" అని ఆమె ముందు అనకండి.
- వినికిడి, చూపు: వెనక నిలబడి మెల్లగా నాలుగు మాటలు చెప్పి తిరిగి చెప్పమనండి. కంటి వెలుగులో ఇచ్చిన అద్దాలు పెట్టెలోనే ఉన్నాయేమో చూడండి. కాడ విరిగో, నంబర్ సరిపోకో పక్కన పడేసినవి చాలా ఇళ్లలో ఉంటాయి.
- మనసు: రెండే ప్రశ్నలు. "ఈ రెండు వారాల్లో దిగులుగా అనిపిస్తున్నదా? ఇంతకుముందు ఇష్టంగా చేసే పనులు చేయబుద్ధి అయితలేదా?"

సీబ్యాక్ ఫారంలో 4 కంటే ఎక్కువ మార్కులు వస్తే స్క్రీనింగ్‌కు ముందు వరసలో పంపాలి. 60 దాటినవారికి వయసు మార్కులే ఎక్కువ కాబట్టి దాదాపు అందరూ ఆ గీత దాటుతారు. ఫారం నిండిందని ఊరుకోకుండా పైన చెప్పిన కొలతలు వేరే పేజీలో రాసుకోండి. ఎవరింటికి ముందు వెళ్లాలో తేల్చేవి అవే.

## 3. ఇవి కనిపిస్తే అలవాట్ల మాట పక్కన పెట్టండి

వెంటనే 108కు ఫోన్:

- మూతి వంకర, ఒక చేయి పడిపోవడం, మాట తడబాటు. ఎప్పుడు మొదలైందో గడియారం టైం రాయండి. ఇది పక్షవాతం కావచ్చు, రక్తపు గడ్డ కరిగించే మందు పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే. నోట్లో నీళ్లు, గోలీలు వేయకండి.
- ఛాతీలో బరువు, చెమట, ఆయాసం. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు నొప్పి లేకుండా ఒట్టి చెమట, ఆయాసం మాత్రమే రావచ్చు.
- ఒకట్రెండు రోజుల్లోనే మనిషి తికమకపడటం, పగలు రాత్రి తెలియకపోవడం. దీన్ని ముసలితనం అని వదిలేస్తారు, లోపల ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు.

అదే రోజు పీహెచ్‌సీకి: బీపీ 180/110 దాటడం, షుగర్ 300 దాటి వాంతులు లేదా మగత, కాలి పుండు నల్లబడటం.

ఆ వారంలో డాక్టర్ దగ్గరికి: రెండు వారాలు దాటిన దగ్గు, నోట్లో రెండు వారాలైనా మానని పుండు లేదా తెల్లమచ్చ, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడటం, కారణం లేకుండా బరువు తగ్గడం. బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువున్నా, ఎప్పుడు చూసినా షుగర్ 140 దాటినా నిర్ధారణకు పల్లె దవాఖానకో పీహెచ్‌సీకో పంపాలి.

షుగర్ 70 కంటే తక్కువుండి మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే ఇంకోసారి ఇవ్వండి. తేరుకున్నాక అన్నం తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108ను పిలవండి.

## 4. ఏది ముందు?

ఒక మనిషికి ఒకసారి ఒకటే మార్పు. ఎంచుకునే వరుస ఇది:

1. గోలీలు సక్రమంగా పడుతున్నాయా?
2. పడిపోయే ప్రమాదం ఉందా?
3. కడుపునిండా, బలమైన తిండి ఉందా?
4. ఉప్పు, చక్కెర, నూనె.
5. బీడీ, అంబర్, కల్లు.

ఐదోది చివర ఉండటం కొందరికి నచ్చదు. పొగాకు చేసే చేటు తక్కువని కాదు. మొదటి నాలుగింటిలో ఒకటైనా మేలు చేసి చూపిస్తే తప్ప, నలభై ఏళ్ల అలవాటు మానమని చెప్పే చనువు మనకు రాదు. వాళ్లే "బీడీ బంద్ చేద్దామనుకుంటున్న" అంటే మాత్రం వరుస మరిచిపోయి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మార్పును ఆమె నోటితోనే చెప్పించాలి. "రోజూ గుడ్డు తినాలె" అని మీరంటే తల ఊపుతుంది. "ఈ నాలుగింట్ల ఏది నీకు అలకగ అయితది అవ్వా?" అని అడిగితే ఒకటి ఎంచుకుంటుంది. వెళ్లేముందు "సాయంత్రం కోడలు వస్తే ఏం చెప్తవ్?" అని అడగండి. ఆమె చెప్పినది మీరు చెప్పినట్టు లేకపోతే ఇంకోసారి సులువుగా చెప్పండి.

## 5. గోలీలు

ఇంట్లో ఉన్న గోలీలన్నీ ఒక బట్ట మీద పోయించండి. ఒకే మందు రెండు పేర్లతో ఉండటం, గడువు దాటినవి, కొడుకు సిటీలో కొన్నవి, పీహెచ్‌సీ ఇచ్చినవి కలిసిపోయి ఉండటం అప్పుడే బయటపడుతుంది. మీరు ఏదీ పారేయకండి. ఫోటో తీసి ఏఎన్‌ఎంకు, మెడికల్ ఆఫీసర్‌కు చూపించండి.

- చదువు రానివారికి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసిన రెండు సంచులు చాలు. మధ్యాహ్నం గోలీ ఉంటే ఇంకో సంచి మీద పళ్లెం బొమ్మ.
- "బీపీ నార్మల్ వచ్చింది, గోలీ ఆపేసిన." ఈ మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. నార్మల్ వచ్చింది గోలీ వేసుకోవడం వల్లేనని, ఆపితే మళ్లీ పెరుగుతుందని రిజిస్టర్‌లో పాత అంకెలు చూపించి చెప్పండి.
- మోకాళ్ల నొప్పులకు దుకాణంలో కొనే నొప్పి గోలీలు, ఊళ్లో వేయించుకునే సూదుల గురించి విడిగా అడగండి. వీటిని ఎవరూ మందుల లెక్కలో చెప్పరు. రోజూ వాడితే బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.
- గోలీలు అయిపోయే తేదీకి 5 రోజుల ముందు తేదీని గోడ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టండి.

## 6. తిండి: ముందు కలపండి

రేషన్ బియ్యం మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. అందులో మాంసకృత్తులు సుమారు 15 గ్రాములే. కిలో బరువుకు గ్రాము చొప్పున లెక్కేసుకుంటే 50 కిలోల అవ్వకు రోజుకు 50 గ్రాములు కావాలి. అన్నం, తొక్కు, చారుతో గడిపే అవ్వకు మూడో వంతు కూడా అందడం లేదన్నమాట. కండ కరిగి, కాళ్లు వణికి, పడిపోవడం దాకా దారి ఇక్కడే మొదలవుతుంది.

మిగతాది ఎక్కడి నుంచి తేవాలి? ఇంట్లో దొరికేవాటితో లెక్క ఇది:

- ఒక గుడ్డు: 6 గ్రాములు
- గుప్పెడు, అంటే 30 గ్రాముల కందిపప్పు లేదా పెసరపప్పు: 6 నుంచి 7
- 30 గ్రాముల శనగలు, బొబ్బర్లు లేదా పుట్నాలు: 6
- ఒక గ్లాసు పాలు లేదా పెరుగు, 200 మిల్లీలీటర్లు: 6
- 50 గ్రాముల జొన్నపిండి రొట్టె: 5

అన్నీ ఒకేసారి రావు. మొదటి నెల ఒక్కటి కలపండి, గుడ్డో గుప్పెడు పప్పో. గుడ్డు ముట్టనివారికి రాత్రి పూట పాలు, పగలు పుట్నాల పొడి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

పళ్లు లేనివారి సంగతి అడగకుండా సలహా ఇస్తే వృథా. "రొట్టె తిను" అంటే నవ్వుతారు. జొన్న గట్క చల్లలో కలిపి, పెసరపప్పు కిచిడీ మెత్తగా వండి, రొట్టెను పప్పులో నానబెట్టి, గుడ్డును పొరటు చేసి, పల్లీలను పొడి కొట్టి ఇవ్వొచ్చు. ఆకుకూరలు, పుంటికూర గానీ తోటకూర గానీ, పప్పులోనే ఉడికించి మెదిపితే వేరే కూర అక్కర్లేదు.

ఒంటరిగా ఉండే తాత ఒక్కపూట వండుకుని మూడు పూటలూ అదే తింటాడు. ఆయనకు కొత్త వంటలు నేర్పడం దండగ. అన్నం కుండలోనే గుప్పెడు పెసరపప్పు, రెండు కూరగాయ ముక్కలు వేయడం నేర్పండి. మిగిలిన పని అదే అయిపోతుంది.

షుగర్ ఉన్నవారికి

రాగి జావ షుగర్‌కు మంచిదని గ్లాసుల కొద్దీ తాగిస్తుంటారు. మెత్తటి పిండిని పలచగా కాస్తే త్వరగా అరిగి షుగర్ గబుక్కున పెరుగుతుంది. అదే రాగులు గట్టి ముద్దగానో రొట్టెగానో చేసి పప్పు, కూరతో తింటే నయం. జొన్న రొట్టె కూడా లెక్కలేకుండా తినేది కాదు. అన్నం మూడు గరిటెలు తినేవారు అన్నం తగ్గించి రొట్టె పెట్టుకోవాలి, రెండూ కాదు. తినే వరుస కూడా మార్చి చూడండి: ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు, తర్వాత అన్నం.

చాయ్ లెక్క వేరే. రోజుకు ఐదుసార్లు, కప్పుకు రెండు చెంచాలు అంటే పది చెంచాల చక్కెర, 40 గ్రాములకు పైనే. చాయ్ మాన్పించాలని చూడకండి, ఊళ్లో అది మర్యాద. వారానికి అరచెంచా చొప్పున చక్కెర తగ్గించండి. బెల్లం వేస్తే ఏం కాదనుకుంటారు, షుగర్ ఉన్నవారికి అదీ చక్కెరే.

నీళ్ల విషయంలో ఒకటి గమనించండి. రాత్రి లేవాల్సి వస్తుందని అవ్వలు నీళ్లు తాగడమే మానేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం 6 వరకు తాగేలా, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించేలా సర్దండి. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్లు కొలిచి తాగమన్న వారికి ఇది వర్తించదు.

## 7. ఉప్పు లెక్క

మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే తలగొట్టిన ఒక చెంచా. ఈ మాట ఎవరికీ ఎక్కదు. బదులుగా "కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులొస్తది?" అని కోడలిని అడగండి.

నలుగురున్న ఇంట్లో 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు, కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. నెలకే అయిపోతే మనిషికి 8 గ్రాములు దాటుతోంది. ప్యాకెట్ మీద తెరిచిన తేదీ రాయించండి. అయిపోయిన రోజు మీకు చెప్పమనండి. ఉపన్యాసం కంటే ఆ తేదీ బాగా పనిచేస్తుంది.

తొక్కులు, వడియాలు, అప్పడాలు ఈ లెక్కకు బయట. నిల్వ తొక్కు ఒక పెద్ద చెంచా వేసుకుంటే అందులో ఉప్పు గ్రాముకు తక్కువుండదు. పూర్తిగా మానమనకండి. రెండు పూటలా తినేవారిని ఒక పూటకు తేవచ్చు, ఆ పూట కూరలో ఉప్పు సగం.

- కూరలో వేసే ఉప్పును వారానికి కొంచెం చొప్పున తగ్గించండి. ఒకేరోజు సగం చేస్తే ఇంట్లో గొడవే.
- రుచికి చింతపండు, నిమ్మ, మామిడికాయ, వెల్లుల్లి, కొత్తిమీర.
- పళ్లెం పక్కన ఉప్పు డబ్బా ఉండకూడదు.
- పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు డాక్టర్‌ను అడక్కుండా వద్దు. కిడ్నీ జబ్బున్నవారికి, కొన్ని రకాల బీపీ గోలీలు వాడేవారికి అది ప్రమాదం.

లేచి నిలబడితే బీపీ పడిపోయేవారికి, ఎండాకాలం వాంతులు విరేచనాలతో ఉన్నవారికి ఉప్పు తగ్గించమని చెప్పకండి. నూనె సంగతి క్లుప్తంగా: మనిషికి నెలకు ముప్పావు కిలో లోపు. ఒకసారి కాగిన నూనెలో మళ్లీ మళ్లీ వేయించొద్దు.

## 8. కాళ్ల బలం

పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాల నడక లాంటి శ్రమతో పాటు రెండు రోజులు కండరాలకు బలం, మూడు రోజులు నిలకడ పెంచే కసరత్తు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనవాళ్లు నడక ఒక్కటే చెప్తారు. రోజంతా కలుపు తీసి వచ్చిన అవ్వను "సాయంత్రం అరగంట నడువు" అంటే కోపం రాదా? ఆమెకు నడక చాలు. వంగి చేసే పనితో తొడ బలం, నిలకడ మాత్రం రావు. ఈ కింది మూడు చాలు, పది నిమిషాలు.

1. లేచి కూర్చోవడం. చేతులు లేని గట్టి కుర్చీ, 17–18 అంగుళాల ఎత్తు, వెనక గోడ. ప్లాస్టిక్ కుర్చీ నున్నటి బండ మీద జారుతుంది. నులక మంచం కుంగుతుంది, పనికిరాదు. మొదటి వారం 5 చొప్పున రెండుసార్లు, రెండో వారం 8 చొప్పున, నాలుగో వారానికి చేతులు ఆనించకుండా 10 చొప్పున. లేవలేకపోతే మడిచిన దుప్పటి వేసి ఎత్తు పెంచండి.
2. మడమలు ఎత్తడం. తలుపు చెక్క పట్టుకుని 10 సార్లు, మెల్లగా దించాలి.
3. ఒంటికాలి మీద నిలబడటం. గోడ పట్టుకుని ఒక్కో కాలి మీద 10 సెకన్లు. కుదిరాక గోడ వెంబడి మడమకు వేళ్లు ఆనించుకుంటూ పది అడుగులు.

ఎప్పుడు చేయాలో వాళ్ల రోజులోనే ఒక గుర్తు వెతకండి. టీవీ సీరియల్‌లో ప్రకటనలు వచ్చినప్పుడు లేచి కూర్చోవడం చాలామందికి కుదురుతుంది.

ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా ఆపేయాలి. మోకాళ్ల నొప్పి కసరత్తు తర్వాత రెండు గంటలకూ తగ్గకపోతే మర్నాడు సగమే చేయించండి, మాన్పించకండి. ఎండాకాలం నడక పొద్దున 8 లోపు, సాయంత్రం 5:30 తర్వాత. ఖాళీ కడుపుతో షుగర్ గోలీ వేసుకుని నడకకు వెళ్లొద్దు.

## 9. ఇంట్లో పడిపోకుండా

ఇల్లంతా ఆమెతో కలిసి ఒకసారి నడవండి. మంచం నుంచి బాత్రూం దాకా, రాత్రి వెళ్లే దారిలోనే.

- మంచం పక్కన స్విచ్ లేదా టార్చి అందుబాటులో ఉందా?
- కడప ఎత్తుగా ఉంటే అంచుకు తెల్ల రంగు లేదా సున్నం గీత
- బట్టలుతికే చోట పాచి ఉంటే బ్లీచింగ్ పౌడర్ వేసి రుద్దించడం
- దొడ్డిలో కూర్చుని లేచే చోట గోడకు 80–90 సెంటీమీటర్ల ఎత్తులో ఇనుప పైపు. మరుగుదొడ్డి మీద పెట్టుకునే రంధ్రం ఉన్న స్టూలు ఇంకా మేలు
- అరిగిన హవాయి చెప్పులు మార్చడం
- లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, తర్వాత నిలబడటం

## 10. బీడీ, అంబర్, కల్లు

"పొద్దున లేచినంక ఎంతసేపటికి మొదటి బీడీ?" అని అడగండి. అరగంట లోపే అయితే అలవాటు గట్టిగా పట్టుకున్నట్టు, ఒట్టి మాటలతో పోదు. రెండు వారాల్లోపు ఒక తేదీ ఆయనతోనే పెట్టించండి. పొగాకు మానడానికి సాయం చేసే ఉచిత క్విట్‌లైన్ 1800-11-2356కు మీ ఫోన్ నుంచే కలిపి మాట్లాడించండి. కోరిక పుట్టినప్పుడు అది కొన్ని నిమిషాలే ఉంటుందని చెప్పి సోంపు, లవంగం జేబులో పెట్టించండి. మొదటి వారం రోజు మార్చి రోజు ఫోన్ చేయాలి, చికాకు ఎక్కువుండేది అప్పుడే.

అంబర్, తంబాకు నమిలే అవ్వలను వదిలేస్తుంటాం, పొగ కనబడదు కదా. నోరు తెరిపించి చెంపల లోపల, నాలుక పక్కన టార్చితో చూడండి.

కల్లు దగ్గర ఒక జాగ్రత్త ప్రాణాలకు సంబంధించినది. మన దగ్గర కొన్నిచోట్ల కల్లులో మత్తు గోలీల మందు కలుపుతారు. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్ర లేకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్ దాకా వెళ్తుంది. కాబట్టి "రేపటి నుంచి బంద్" అని చెప్పకండి. ముందు "ఒకరోజు తాగకుంటే ఏమైతది?" అని అడగండి. చేతులు వణుకుతాయన్నా, పిచ్చిపిచ్చిగా అవుతుందన్నా డాక్టర్ పర్యవేక్షణలోనే మాన్పించాలి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఇలాంటివారికి చికిత్స ఉంది. ఊళ్లో కల్లు దుకాణం మూతపడిందని వినబడితే, రోజూ తాగే పెద్దవాళ్ల ఇళ్లకు ఆ వారంలోనే వెళ్లండి.

## 11. రెండో సందర్శన, సరిచేసుకోవాల్సినవి

రిజిస్టర్‌లో ఒక్కో మనిషికి ఒక వరుస చాలు: తేదీ, బీపీ కూర్చుని, బీపీ నిలబడి, బరువు, ఎంచుకున్న ఒక్క మార్పు, వారంలో ఎన్ని రోజులు చేశారు, అడ్డం ఏం వచ్చింది.

వెళ్లగానే ఆ ఒక్కదాని గురించే అడగండి. "చేసినవా?" అంటే చేశానంటారు. "మొన్న ఆదివారం పొద్దున ఏం తిన్నవ్?" అంటే నిజం వస్తుంది. ఏడింట నాలుగు రోజులు చేస్తే నిలబడుతోందని లెక్క, ఇంకో నెల అదే సాగించి తర్వాత రెండోది కలపండి. రెండు రోజులకే ఆగిపోతే మార్పును సగం చేయండి. మనిషిని తప్పుపట్టకండి.

- అవ్వ ఒప్పుకుంది, ఇంట్లో జరగలేదు. గుడ్లకు డబ్బు ఎవరి చేతిలో ఉంది? పింఛను డబ్బు కొడుకు తీసుకుంటే మాట్లాడాల్సింది కొడుకుతో, అదీ అవ్వను ఇరికించకుండా. తిండి పెట్టకపోవడం, కొట్టడం లాంటివి ఉంటే 14567 పెద్దల హెల్ప్‌లైన్.
- పక్కింటి తాతతో పోల్చి చెప్పారు. ఆ ఇంటికి ఇక మీ మాట ఎక్కదు. ఆయన పాత అంకెనే ఆయన కొత్త అంకెతో పోల్చండి.
- బీపీ తగ్గలేదు. ముందు గోలీలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. తర్వాత నొప్పి గోలీలు. ఆ తర్వాతే ఉప్పు.
- ఏదీ చేయబుద్ధి కావడం లేదంటున్నారు. దిగులు ప్రశ్నలు మళ్లీ అడగండి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ 14416కు కలపండి. జీవితం మీద విరక్తి మాటలు వస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి.
- సమావేశం పెడితే ఎవరూ రాలేదు. పెద్దవాళ్లను పిలిచి కూర్చోబెట్టడం కంటే వాళ్లు కూర్చునే రావిచెట్టు గద్దె దగ్గరికో గుడి అరుగు దగ్గరికో మీరే బీపీ మిషన్‌తో వెళ్లడం నయం. అయితే అంకె అందరి ముందు చదవకండి.

## 12. సిటీకి వెళ్లి వచ్చేవారు

హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లకు ఈ తలనొప్పి ప్రత్యేకం. రెండు నెలలు కొడుకు దగ్గర ఉప్పల్‌లోనో కూకట్‌పల్లిలోనో, రెండు నెలలు ఊళ్లో. గోలీలు తప్పేది ఆ మధ్యలోనే. నాలుగో అంతస్తు గదిలో నడక ఉండదు, పగలంతా టీవీ, తిండి వేళలూ మారతాయి.

ప్రయాణం తెలియగానే ఒక కాగితం రాసి ఆధార్ కార్డు సంచిలో పెట్టించండి:

- వాడుతున్న మందుల పేర్లు, మోతాదు, వేళలు
- చివరి మూడు బీపీ, షుగర్ అంకెలు, తేదీలతో
- నిలబడితే బీపీ పడిపోతుందా, పడదా
- పడని మందులు ఏమైనా ఉంటే
- గోలీలు అయిపోయే తేదీ
- ఇంట్లో చేస్తున్న మూడు కసరత్తులు, ఎంచుకున్న మార్పు
- మీ ఫోన్ నంబర్, పల్లె దవాఖాన పేరు

వెళ్లేటప్పుడు కనీసం నెలకు సరిపడా గోలీలు చేతిలో ఉండాలి. అయిపోతే దగ్గర్లోని బస్తీ దవాఖానలో ఈ కాగితం చూపించమని, కొడుకు ఫోన్‌కు కూడా దాని ఫోటో పంపండి. ఊరికి తిరిగొచ్చిన వారంలోపు బరువు, కూర్చుని నిలబడి బీపీ, ఐదుసార్లు లేచి కూర్చునే పరీక్ష మళ్లీ చూసి, ఏది జారిందో అక్కడి నుంచి మొదలుపెట్టండి.